పూల్ మోటార్ వైర్లకు చిలుము పడితే: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల స్విమ్మింగ్ పూల్ పంపురూములు చూసుకునే పని నాది. మోటార్లు, నీళ్లలోని లైట్లు, ఉప్పు క్లోరినేటర్ల (ఉప్పు కలిపిన నీళ్ల నుంచి క్లోరిన్ తయారుచేసే మిషన్ల) దగ్గర వైర్లు పచ్చబడటం గురించి అసోసియేషన్ వాళ్లు, ఫామ్‌హౌస్ యజమానులు, కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్లు తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులివి. పచ్చటి పొడి తుడిచేసినంత మాత్రాన రిపేరు అయిపోయినట్టు కాదు. మెరిసే రాగి కనబడేదాకా తీగ కోయాలి. ఆ తేమ, ఆ యాసిడ్ ఆవిరి ఎక్కణ్నుంచి వచ్చాయో కనిపెట్టాలి.

నీళ్లలో దిగితేనో, స్టీలు నిచ్చెన పట్టుకుంటేనో జివ్వుమంటోంది. ఎక్కడో కనెక్షన్ పాడై ఉంటుందా?

అయ్యుండొచ్చు. కానీ కారణం వెతకడం తర్వాత. ముందు పూల్‌కి వెళ్లే కరెంటు మొత్తం మెయిన్ దగ్గర ఆపేయండి. పంపు స్విచ్ ఒక్కటే ఆపితే చాలదు, లైట్ల సర్క్యూట్ కూడా ఆగాలి. నీళ్లలో ఉన్నవాళ్లు స్టీలు నిచ్చెన, రెయిలింగు ముట్టుకోకుండా, జివ్వుమన్న చోటికి దూరంగా జరిగి, గట్టు మీద చేతులానించి బయటికి రావాలి.

ఎవరైనా నీళ్లలో బిగుసుకుపోయినట్టు కనిపిస్తే వెంటనే దూకాలనిపిస్తుంది. దూకకండి. నీళ్లలో పారే కొద్దిపాటి కరెంటుకే కండరాలు పట్టేస్తాయి, ఈత వచ్చినవాళ్లు కూడా మునిగిపోతారు. దూకినవాళ్లకూ అదే గతి పడుతుంది. కరెంటు ఆపి, పొడి కర్రో, తాడో, గాలి ట్యూబో అందించండి. బయటికి తెచ్చాక ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేస్తూనే గుండె మీద నొక్కడం, నోటితో ఊపిరి ఇవ్వడం మొదలుపెట్టాలి.

లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ వచ్చి లీకేజీ ఎక్కడుందో తేల్చేదాకా పూల్ మూసే ఉంచాలి. "నిన్న అనిపించింది, ఇవాళ ఏమీ లేదు" అని మళ్లీ తెరవడం నేను చూశాను. తడి ఆరితే లీకేజీ తగ్గుతుంది, మళ్లీ తడిస్తే తిరిగి వస్తుంది.

మోటార్ బాక్స్ తెరిస్తే తీగల చివర్లు పచ్చగా, పొడిపొడిగా ఉన్నాయి. ఏమిటది?

చిలుము. తోమని రాగి చెంబుకు పట్టేదే. అయితే ఇంట్లో చెంబుకు ఏళ్ల తరబడి పట్టేది, పంపురూములో కొన్ని నెలల్లోనే పడుతుంది. అక్కడి గాలిలో తేమతో పాటు క్లోరిన్ ఉంటుంది, పూల్ పీహెచ్ తగ్గించడానికి వాడే హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆవిరి ఉంటుంది. ఈ ఆవిరి తేమతో కలిసి, కంటికి కనిపించని పలుచటి యాసిడ్ పొరలా స్క్రూల మీద, తీగల మీద కూర్చుంటుంది. రాగి దానితో కలిసి పచ్చటి క్లోరైడు లవణాలుగా మారుతుంది. ఇనుప స్క్రూ అయితే ఎర్రగా తుప్పు పడుతుంది, అల్యూమినియం అయితే తెల్లటి పొడి రాలుతుంది. ఏ రంగు కనిపించిందో చూస్తే ఏ లోహం తినేయబడుతోందో తెలిసిపోతుంది.

నల్లబడటం వేరు. తీగ నల్లగా మాడి, పక్కన ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి ఉంటే అక్కడ ఇప్పటికే వేడి పుట్టింది. పచ్చటిదాని కంటే అది తొందరగా చూడాల్సిన కేసు.

మోటార్ తిరుగుతూనే ఉంది కదా, అలా వదిలేస్తే ఏమవుతుంది?

లెక్క వేసి చూద్దాం. 1.5 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటార్ సుమారు 7.5 ఆంపియర్లు లాగుతుంది. చిలుము పట్టిన జాయింటు దగ్గర అర ఓమ్ రెసిస్టెన్స్ చేరిందనుకోండి. కరెంటును కరెంటుతో హెచ్చించి, దాన్ని రెసిస్టెన్స్‌తో హెచ్చిస్తే అక్కడ పుట్టే వేడి వస్తుంది: 7.5 × 7.5 × 0.5, అంటే దాదాపు 28 వాట్లు. రేడియో రిపేరు షాపులో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ చాలావరకు 25 వాట్లదే. అలాంటి ఐరన్‌ని మూసిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, రోజుకు 8 గంటలు ఆన్ చేసి ఉంచడమే ఇది.

ఆ వేడికి స్క్రూ వదులవుతుంది. వదులైన కొద్దీ రెసిస్టెన్స్ పెరుగుతుంది, రెసిస్టెన్స్ పెరిగిన కొద్దీ ఇంకా వేడెక్కుతుంది. చివరికి కనెక్టర్ కరిగిపోతుంది, లేదా పక్క తీగకు తగిలి షార్ట్ అవుతుంది. ఇదంతా జరుగుతున్నా ఎంసీబీ పడిపోదు. ఎంసీబీ ఎక్కువ కరెంటును చూస్తుంది గానీ, జాయింటు దగ్గర వేడిని చూడదు. అందుకే "ఎంసీబీ ఉంది కదా" అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

త్రీ ఫేజ్ మోటార్ అయితే నష్టం ఇంకా తొందరగా వస్తుంది. మూడింటిలో ఒక ఫేజు జాయింటు తెగిపోతే మోటార్ మిగతా రెండు ఫేజుల మీద మూలుగుతూ తిరగడానికి ప్రయత్నిస్తుంది. స్టార్టర్‌లో, మోటార్ ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే ఓవర్‌లోడ్ రిలే సరిగ్గా సెట్ చేసి లేకపోతే వైండింగ్ కాలిపోతుంది. ఒక లగ్గు (తీగ చివర నొక్కి, స్క్రూ కింద బిగించే లోహపు ముక్క) కోసం పోయేది మొత్తం వైండింగ్ ఖర్చు.

ఈ పని నేనే చేసుకోవచ్చా?

230 వోల్టులు, 415 వోల్టులు ఉన్న ఏ కనెక్షన్ అయినా లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. నీళ్ల పక్కన జరిగే పొరపాటును ఈత కొట్టే పిల్లలు అనుభవిస్తారు, చేసినవాళ్లు కాదు. మీరు చేయగలిగినవి వేరే ఉన్నాయి: కరెంటు పూర్తిగా ఆపి బాక్స్ బయటి తడి తుడవడం, గ్లాండులు (వైరు బాక్స్‌లోకి దూరేచోట దాన్ని బిగించి పట్టే బిరడాలు) వదులయ్యాయా చూడటం, ఫొటోలు తీయడం, యాసిడ్ డబ్బాలు వేరే గదికి మార్చడం, ఆర్‌సీసీబీ (లీకేజీ రాగానే కరెంటు కట్ చేసే స్విచ్) టెస్ట్ బటన్ నొక్కి చూడటం. కింద చెప్పిన రిపేరు పద్ధతులు కూడా మీకు తెలిసి ఉంటే మంచిది. వచ్చినతను సరిగ్గా చేస్తున్నాడా, పైపైన టేపు చుట్టి వెళ్తున్నాడా అనేది అప్పుడే మీకు తెలుస్తుంది.

బాక్స్ తెరవడానికి ముందు కరెంటు ఆగిందని ఎలా నమ్మాలి?

టైమర్ ఆపితే ఆగినట్టు కాదు. టైమర్ తనంతట తానే మళ్లీ ఆన్ అవుతుంది. ఆటోమేటిక్ ప్యానెల్ ఉన్నచోట ఇంకా జాగ్రత్త, ఫోన్‌లో ఎవరో బటన్ నొక్కినా మోటార్ లేస్తుంది. మెయిన్ ఐసోలేటర్ ఆపి, దానికి తాళం వేసి, తాళంచెవి పనిచేసే మనిషి జేబులోనే ఉంచుకోవాలి. తాళం వేసే వీలు లేకపోతే ఒక మనిషిని ప్యానెల్ దగ్గర నిలబెట్టండి. "పని జరుగుతోంది, ఆన్ చేయవద్దు" అని అట్టముక్క మీద రాసి కట్టినా ప్రాణం నిలుస్తుంది.

ఆ తర్వాత మల్టీమీటర్‌తో చూడాలి. ముందు మీటర్‌ని కరెంటు ఉన్న వేరే పాయింటులో పెట్టి అది పనిచేస్తోందని తేల్చుకోండి. తర్వాత మోటార్ టెర్మినళ్లలో ఫేజుకి న్యూట్రల్‌కి మధ్య, ఫేజుకి ఎర్తుకి మధ్య, న్యూట్రల్‌కి ఎర్తుకి మధ్య చూడండి. మళ్లీ మీటర్‌ని కరెంటు ఉన్న పాయింటులో పెట్టి, అది ఇంకా పనిచేస్తోందని చూడండి. లైటు వెలిగే స్క్రూడ్రైవర్ టెస్టర్‌ని మాత్రం ఈ పనికి నమ్మకండి. న్యూట్రల్ తెగి ఉన్నప్పుడు అది తప్పుదారి పట్టిస్తుంది, నియాన్ బల్బు పాడైతే వెలగదు.

సింగిల్ ఫేజ్ మోటార్‌లో కెపాసిటర్ ఉంటుంది, మన మెకానిక్‌లు కండెన్సర్ అంటారు. కరెంటు ఆపాక కూడా అందులో చార్జి నిలిచి ఉండొచ్చు. కొన్ని నిమిషాలు ఆగి, రెసిస్టర్ పెట్టి చార్జి దింపి, మీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టాలి. స్క్రూడ్రైవర్ అడ్డంపెట్టి టపీమనిపించే అలవాటు చాలామందికి ఉంది. దానివల్ల కెపాసిటర్ పాడవుతుంది, కళ్లలోకి నిప్పురవ్వ రావొచ్చు.

రాగి చెంబు చింతపండుతో తోమితే మెరుస్తుంది కదా. కనెక్టర్‌కి చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ వాడకూడదా?

కెమిస్ట్రీ ఒకటే, చింతపండు పులుపు రాగి మీది పొరను కరిగిస్తుంది. కానీ చెంబును తోమాక కుళాయి కింద బాగా కడుగుతాం, తుడుస్తాం. కనెక్టర్ లోపలి సందుల్లో, తీగ పోగుల మధ్య చేరిన పులుపును అలా కడగలేం. అక్కడే మిగిలిపోయి, తేమ తగిలినప్పుడల్లా రాగిని తింటూనే ఉంటుంది. రెండు రోజులు మెరుపు, రెండు నెలల్లో మునుపటి కంటే ఎక్కువ చిలుము.

విడదీసి, బయటికి తీసి, కడిగి ఆరబెట్టగలిగిన ఇత్తడి స్క్రూ, రాగి పట్టీ లాంటివాటికైతే పులుపు వాడొచ్చు. తర్వాత వంట సోడా కలిపిన నీళ్లలో ముంచి పులుపు చంపి, మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే బిగించాలి. మిగతా అన్నిచోట్లా ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చిన్న నైలాన్ బ్రష్ చాలు. స్ప్రే చాలావరకు మండే గుణం ఉన్నదే, కాబట్టి కరెంటు ఉండగా కొట్టొద్దు, ఆవిరంతా పోయేదాకా ఆన్ చేయొద్దు.

గరుకు కాగితంతో గీకేవాళ్లకు ఒక మాట. కనెక్టర్ పిన్నుల మీద తగరం పూతో, నికెల్ పూతో ఉంటుంది. గీకితే చిలుముతో పాటు ఆ పూత కూడా పోతుంది. కింది లోహం బయటపడ్డాక ఈసారి ఇంకా తొందరగా పచ్చబడుతుంది.

ఎప్పుడు శుభ్రం చేస్తే సరిపోతుంది, ఎప్పుడు కోసి పారేయాలి?

పైన పలుచగా మసకబారి, బ్రష్‌తో రుద్దగానే లోహం మెరిస్తే శుభ్రం చేస్తే చాలు. పిన్ను మీద గుంటలు పడినా, పిన్ను సన్నబడినా, ప్లాస్టిక్ రంగు మారినా, స్ప్రింగు పట్టు వదిలినా ఆ కనెక్టర్ పని అయిపోయింది. మార్చేయండి.

తీగ సంగతి చాలామందికి తెలియదు. చిలుము కనబడే చోటే ఆగదు. సన్నటి పోగులు అల్లిన తీగలో పోగుల మధ్య సందులు వత్తిలా పనిచేస్తాయి. దీపంలో నూనె వత్తి వెంట పైకి పాకినట్టే, తేమ పోగుల వెంట ప్లాస్టిక్ తొడుగు లోపలికి పాకుతుంది. పైనుంచి తొడుగు కొత్తదిలా నున్నగా ఉంటుంది, కోసి చూస్తే లోపల రాగి నల్లగా ఉంటుంది. కాబట్టి కొద్దికొద్దిగా వెనక్కి కోస్తూ వెళ్లాలి. పోగు పోగూ మెరుస్తూ, వంచితే పుటుక్కున తెగకుండా ఉన్నచోట ఆగాలి. ఒక్కోసారి ఒక అడుగు దాకా పోతుంది. అప్పుడు తీగ పొట్టిదైపోతుంది. లాగి బిగించి అందించకండి, అంతా మంచి తీగతో మార్చండి.

కొత్త లగ్గు వేసే సరైన పద్ధతి ఏమిటి?

ముందు పాత కనెక్షన్ ఫొటో తీసుకోండి, ప్రతి తీగకూ గుర్తు పెట్టండి. మోటార్ బాక్స్‌లో స్టార్ట్, రన్, కామన్ తీగలు అటూ ఇటూ అయితే మోటార్ వెనక్కి తిరగొచ్చు, మూలగొచ్చు, కాలిపోవచ్చు.

తగరం పూత ఉన్న రాగి లగ్గు తీసుకోండి. తీగ సైజుకి తగ్గదే కావాలి. ఇన్సులేషన్ ఉన్న లగ్గుల్లో రంగును బట్టి సైజు తెలుస్తుంది: ఎరుపు 1.5 చదరపు మిల్లీమీటర్ల దాకా, నీలం 2.5 దాకా, పసుపు 4 నుంచి 6 దాకా. లగ్గు పెద్దదైందని తీగను రెండుగా మడిచి దూర్చడం, చిన్నదైందని నాలుగు పోగులు కోసేయడం రెండూ తప్పే. పోగులు కోస్తే మిగిలిన పోగుల మీద భారం పడుతుంది.

లోపల జిగురు ఉండి, వేడి చేస్తే ముడుచుకుని బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవ్‌ను తీగకు ముందే తొడిగి పక్కకు జరపండి. లగ్గు నొక్కాక గుర్తొస్తే లాభం లేదు. తొడుగును లగ్గు గొట్టం పొడవు మేరకే ఒలవండి, పోగులు తెగకూడదు. తీగ గొట్టం చివరిదాకా వెళ్లాక రాట్చెట్ క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కండి. ఆ ప్లయర్ పూర్తిగా నొక్కుకునేదాకా వదలదు, అదే దాని గొప్ప. మామూలు కటింగ్ ప్లయర్‌తో చపాతీలా అణిచిన లగ్గుల్లోకి గాలి దూరుతుంది, గాలి దూరిన చోట మళ్లీ చిలుమే. నొక్కాక గట్టిగా లాగి చూడండి. ఊడితే ఇప్పుడే ఊడాలి.

స్లీవ్‌ను లగ్గు మెడ మీదికి జరిపి హీట్ గన్‌తో వేడి చేయండి. చివర్ల నుంచి జిగురు కొద్దిగా బయటికి ఉబికితే తేమకు దారి మూసుకున్నట్టు. అగ్గిపుల్లతో, లైటర్‌తో వేడి చేస్తే ఒకవైపు మాడుతుంది, ఇంకోవైపు వదులుగా మిగులుతుంది.

టెర్మినల్ స్క్రూ, వాషర్ తుప్పు పట్టి ఉంటే అవీ మార్చండి. లగ్గు నేరుగా టెర్మినల్‌ని తాకాలి, వాషర్ పైన రావాలి. మధ్యలో ఇనుప వాషర్ వచ్చిందంటే కరెంటంతా ఆ ఇనుములోంచి పోతుంది.

మూత పెట్టే ముందు 500 వోల్టుల మెగ్గర్‌తో వైండింగుకీ మోటార్ బాడీకీ మధ్య ఇన్సులేషన్ చూడాలి. 1 మెగాఓమ్ కంటే తక్కువ వస్తే ఆన్ చేయకూడదు. మోటార్‌లోకే తేమ వెళ్లి ఉండొచ్చు, ఆరబెట్టి మళ్లీ చూడాలి. డ్రైవ్, క్లోరినేటర్, టైమర్ లాంటి ఎలక్ట్రానిక్ సామాను ఉంటే మెగ్గర్ పెట్టేముందు తీగలు విడదీయాలి, లేకపోతే అవి కాలిపోతాయి. అన్నీ సరిపోయాక అరగంట నడిపి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో మూడు ఫేజుల జాయింట్లనూ పోల్చి చూడండి. రెండు ఒకలా ఉండి మూడోది బాగా వేడిగా ఉంటే ఆ జాయింటు మళ్లీ విప్పాల్సిందే.

లగ్గు బదులు సీసం అతికిస్తే గట్టిగా ఉండదా?

స్క్రూ కింద బిగించే తీగకు సీసం పట్టించకండి. సీసం మెత్తటిది, స్క్రూ ఒత్తిడికి మెల్లమెల్లగా జారి జాయింటు వదులవుతుంది. మోటార్ అదురుకు సీసం ఆగినచోట తీగ తెగుతుంది కూడా.

ఇన్సులేషన్ టేపు బాగా చుట్టాను. ఇంకా తేమ ఎలా వెళ్లింది?

మామూలు పీవీసీ టేపు కరెంటు తగలకుండా కాపాడుతుంది, నీళ్లను ఆపదు. పంపురూము వేడికి జిగురు కరిగి టేపు జారుతుంది. లోపలికి వెళ్లిన తేమ బయటికి రాలేక అక్కడే ఉంటుంది. చాలాసార్లు టేపు చుట్టిన జాయింటే విప్పి వదిలేసినదాని కంటే ఎక్కువ కుళ్లి ఉంటుంది. బయట చుట్టాల్సి వస్తే తనలో తాను అతుక్కుపోయే రబ్బరు టేపును సాగదీసి చుట్టి, దాని మీద పీవీసీ టేపు చుట్టండి.

సిలికాన్ సీలెంట్ వాడేవాళ్లు ట్యూబు వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే అది ఆరేటప్పుడు ఎసిటిక్ యాసిడ్ వదిలే రకం. బాత్రూమ్ అద్దానికి బాగుంటుంది, రాగి కనెక్షన్‌కి మాత్రం విషం. బాక్స్ నీళ్లు కారకుండా మూశామనుకుంటాం, లోపల మనమే చిలుము పెంచుతాం. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్న రకం అడిగి తీసుకోండి.

వాజలిన్ రాయొచ్చా? డబ్ల్యూడీ-40 కొడితే చాలదా?

వాజలిన్ పెట్రోలియం సరుకు, కనెక్టర్‌లోని కొన్ని రకాల రబ్బరు రింగులను ఉబ్బించి పాడుచేస్తుంది. సిలికాన్ డైఎలెక్ట్రిక్ గ్రీజు వాడండి. అది కరెంటును పారనివ్వదు, కాబట్టి పిన్నుల మధ్య కుక్కాల్సిన పనిలేదు. రబ్బరు రింగు మీద, ప్లగ్గు అంచు చుట్టూ పలుచగా రాయాలి. పిన్ను మీద కొద్దిగా అంటినా ఫర్వాలేదు, ప్లగ్గు గట్టిగా దిగితే ఆ ఒత్తిడికి గ్రీజు పక్కకు పోయి లోహం లోహాన్ని తాకుతుంది. చిలుము తీయకుండా మీద గ్రీజు రాస్తే మాత్రం జబ్బును లోపల పెట్టి కుట్టేసినట్టే.

మామూలు డబ్ల్యూడీ-40 తడిని వెళ్లగొట్టడానికి పనికొస్తుంది. కాంటాక్ట్ క్లీనర్ వేరే సరుకు. అదే పేరుతో వేరే డబ్బాలో దొరుకుతుంది, లేబుల్ చదివి కొనండి.

ఉప్పు క్లోరినేటర్ "ఉప్పు తక్కువ" అని చూపిస్తోంది. రెండు బస్తాలు వేశాం, ఇంకా అలాగే ఉంది.

ఇక మూడో బస్తా వేయకండి. ముందు నీళ్లను చేతి సాల్ట్ మీటర్‌తోనో స్ట్రిప్‌తోనో చూడండి. ఇలాంటి పూళ్లలో సాధారణంగా లీటరుకు 3 నుంచి 4 గ్రాముల ఉప్పు ఉంటుంది, సముద్రపు నీళ్లలో 35 గ్రాములు. చాలా క్లోరినేటర్లు సెల్‌లో (క్లోరిన్ తయారయ్యే, పలకలున్న భాగంలో) ఎంత కరెంటు పారుతోందో చూసి ఉప్పు ఎంతుందో అంచనా కడతాయి. ప్లగ్గు పిన్నులకు చిలుము పడితే కరెంటు తగ్గుతుంది, మిషన్ దాన్ని ఉప్పు తగ్గిందని అనుకుంటుంది. మనం ఉప్పు పోస్తూ పోతాం. ఎక్కువైన ఉప్పు తీయడానికి నీళ్లు పారబోయడం తప్ప దారి లేదు, హైదరాబాద్ ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లు కొని నింపిన పూల్‌లో అది ఎంత బాధో చెప్పక్కర్లేదు.

సెల్‌కి వెళ్లేది తక్కువ వోల్టేజి డీసీ, కానీ ఆంపియర్లు ఎక్కువ. అందుకే పిన్ను కొంచెం పాడైనా తొందరగా వేడెక్కి ప్లగ్గు కరుగుతుంది. కరెంటు ఆపి, ప్లగ్గు విప్పి, పిన్నుల రంగు చూడండి. ఒక్క పిన్ను గోధుమరంగులో ఉన్నా ప్లగ్గు, సాకెట్ రెండూ కలిపి మార్చాలి. కొత్త ప్లగ్గును కాలిన సాకెట్‌లో పెడితే కొత్తదీ కాలుతుంది.

ఈ చిలుము తరచుగా మన చేతులతోనే వస్తుంది. సెల్ పలకల మీది సున్నం వదిలించడానికి సెల్‌ను యాసిడ్ నీళ్లలో ముంచుతారు కదా, ఆ సమయంలో వైరూ ప్లగ్గూ కింద పడి అదే బకెట్‌లో నానుతుంటాయి. ప్లగ్గుకు ప్లాస్టిక్ కవరు కట్టి, పైకి వేలాడదీసి, అప్పుడు సెల్‌ను ముంచండి.

పీహెచ్ మిషన్ ఎప్పుడు చూసినా 7 దగ్గరే ఆగిపోయింది. నీళ్లు అంత బాగున్నాయా?

చేతి టెస్ట్ కిట్‌తో చూడండి. నీళ్లలో ఉండి పీహెచ్ కొలిచే ప్రోబ్ నుంచి వచ్చేది చాలా బలహీనమైన సిగ్నల్, ఒక పీహెచ్ తేడాకు దాదాపు 59 మిల్లీవోల్టులే. ప్రోబ్ కనెక్టర్‌లోకి తడి చేరితే ఆ సిగ్నల్ అక్కడే షార్ట్ అయి సున్నా అవుతుంది, సున్నా అంటే మిషన్ లెక్కలో పీహెచ్ 7. నీళ్లు 8 దాటినా మిషన్ యాసిడ్ వేయదు. ఈ కనెక్టర్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, బాగా ఆరనివ్వండి. లోపల వేలు కూడా పెట్టొద్దు, చేతి చెమటే చాలు రీడింగ్ మార్చడానికి. తీగ పచ్చబడితే ప్రోబ్ మార్చడమే, దీనికి జాయింటు వేయకూడదు.

నీళ్లలోని లైటు వైరు పాడైంది. జాయింటు వేసి మళ్లీ పెట్టొచ్చా?

నీళ్ల కింద జాయింటు వద్దు. ఎంత మంచి స్లీవ్ వేసినా వద్దు. లైటు వెనక గూట్లో కొంత వైరు చుట్టి ఉంచడానికి కారణమే అది, లైటును గట్టు మీదికి తెచ్చుకుని పని చేసుకోవడానికి. వైరు పాడైతే లైటు నుంచి గట్టు మీది జంక్షన్ బాక్స్ దాకా ఒకే వైరుగా మార్చాలి. జాయింటు ఆ బాక్స్‌లో, నీటిమట్టానికి పైన ఉండాలి.

నీళ్లలోని లైటుకు 12 వోల్టుల ఏసీ కంటే ఎక్కువ ఇవ్వకూడదని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది, డీసీ అయితే 30 వోల్టులు. ఆ కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ పూల్ అంచుకు దూరంగా ఉండాలి. అంచు నుంచి 2 మీటర్ల లోపల మామూలు ప్లగ్గు సాకెట్లు ఉండకూడదు. మీ పూల్‌లో పాత 230 వోల్టుల లైట్లు ఉంటే రిపేరు చేయించకండి, పూర్తిగా మార్పించండి. అసోసియేషన్ మీటింగ్‌లో ఖర్చు మీద గొడవ పెట్టుకోవాల్సి వచ్చినా సరే.

వాన పడిన రోజే ఆర్‌సీసీబీ పడిపోతోంది. ఎలక్ట్రీషియన్ దాన్ని తీసేసి డైరెక్ట్ చేస్తానంటున్నాడు.

ఒప్పుకోకండి. ఆర్‌సీసీబీ తన పని తాను చేస్తోంది. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే, మిగతాది ఎక్కడో తడిలోంచో మనిషిలోంచో భూమిలోకి పోతున్నట్టు. 30 మిల్లీఆంపియర్ల తేడా రాగానే అది కట్ చేస్తుంది. డైరెక్ట్ చేస్తే లీకేజీ అలాగే ఉంటుంది, ఆపేది మాత్రం ఉండదు.

ఎలక్ట్రీషియన్‌ని అన్ని తీగలూ విడదీసి, ఒక్కొక్క సర్క్యూట్ కలుపుతూ రమ్మనండి. ఏది కలిపినప్పుడు పడితే దోషం అందులో ఉంది. వానరోజు అయితే నేను ముందు గట్టు మీది లైట్ల జంక్షన్ బాక్సులు విప్పుతాను, ఎక్కువసార్లు నీళ్లు నిలిచి దొరికేది అక్కడే. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కండి. అయితే ఆ బటన్ ఆర్‌సీసీబీని మాత్రమే పరీక్షిస్తుంది, ఎర్తింగు బాగుందో లేదో చెప్పదు. ఎర్తింగును విడిగా కొలిపించాలి.

రిపేరు చేయించిన ఆరు నెలలకే మళ్లీ పచ్చబడింది. చేసినతను మోసం చేశాడా?

పని బాగానే చేసి ఉండొచ్చు. ఒక అపార్ట్‌మెంట్‌లో నేనే ఒకే మోటార్ బాక్స్‌కి మూడుసార్లు లగ్గులు మార్చాను. ప్రతిసారీ శుభ్రంగా చేశాను, ప్రతిసారీ పచ్చబడింది. మూడోసారి మూత బిగించి వెనక్కి తిరిగితే కనిపించింది: మోటార్‌కి రెండు అడుగుల దూరంలో యాసిడ్ క్యాను, మూత సగం పగిలి ఉంది. బేస్‌మెంట్‌లో ఉన్న ఆ గదికి కిటికీ లేదు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ చెడిపోయి ఉంది. యాసిడ్‌ని వేరే చోటికి మార్చి, ఫ్యాను వేయించాక ఆ బాక్స్ మళ్లీ పచ్చబడలేదు. మొదటిరోజే చుట్టూ చూడనందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది, వాళ్ల డబ్బు రెండుసార్లు వృథా చేయించాను.

యాసిడ్‌ని, క్లోరిన్ సరుకును ఒకే గదిలో అసలు పెట్టకండి. రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది, కనెక్షన్ల సంగతి ఆ తర్వాత.

తర్వాత వైరు బాక్స్‌లోకి ఎలా వెళ్తోందో చూడండి. పైనుంచి నేరుగా దిగితే వైరు వెంట నీటిచుక్కలు లోపలికే కారతాయి. వైరు బాక్స్ కంటే కిందికి వంగి, మళ్లీ పైకి లేచి, అడుగు నుంచి లోపలికి వెళ్లాలి. అప్పుడు చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. గ్లాండు వైరు మందానికి సరిపోవాలి. వాడని రంధ్రాలకు బిరడా పెట్టాలి, లేకపోతే చీమలు, బల్లులు దూరతాయి. కాంటాక్టర్ (మోటార్‌కి కరెంటు కలిపే స్విచ్) మధ్య చీమలు నలిగి, కరెంటు అందక మోటార్ మూలిగిన సందర్భాలు చాలా చూశాను. బయట వానకు తడిసే బాక్స్ అయితే దుమ్మూ, చిమ్మే నీళ్లూ లోపలికి పోని ఐపీ 65 రకం పెట్టించండి.

మాది విశాఖలో బీచ్‌కి దగ్గర. మాకు వేరే జాగ్రత్తలున్నాయా?

మీకు క్లోరిన్‌కి తోడు ఉప్పుగాలి కూడా ఉంది. తగరం పూత ఉన్న రాగి తీగ, స్టెయిన్‌లెస్ స్క్రూలు, ప్లాస్టిక్ బాక్సులు వాడండి. మేము వానాకాలానికి ముందూ తర్వాతా విప్పి చూస్తే, మీరు మూడు నెలలకోసారి చూడాలి.

డాలస్‌లో ఇల్లు కొన్నాం, వెనక పూల్ ఉంది. ఇక్కడా ఇదే పద్ధతా?

చిలుము, లగ్గు, కోత అన్నీ ఒకటే. కరెంటు మాత్రం వేరు. మన దగ్గర పెరిగినవాళ్లకు ఒక ఫేజు, ఒక న్యూట్రల్ అలవాటు. అక్కడ 240 వోల్టుల పూల్ మోటార్‌కి వచ్చే రెండు తీగల్లోనూ కరెంటు ఉంటుంది. ఒక్కదాన్ని ఆపితే రెండోది షాక్ కొడుతుంది, కాబట్టి రెండూ కలిసి ఆగే బ్రేకర్‌నే ఆపాలి. మన ఆర్‌సీసీబీ పనే చేసే అక్కడి జీఎఫ్‌సీఐ సుమారు 5 మిల్లీఆంపియర్లకే పడిపోతుంది, కొద్దిపాటి తేమకు కూడా పడుతుంది. దాన్ని తీసి మామూలు బ్రేకర్ పెట్టించకండి.

మోటార్ బాడీకి ఒక బోల్టుతో బిగించిన లావుపాటి ఒంటి రాగి తీగ కనిపిస్తుంది. నిచ్చెన, గట్టులోని ఇనుము, మోటార్ అన్నిటినీ కలిపి ఉంచేది అదే. తొడుగు లేకుండా ఉంటుంది కాబట్టి పచ్చబడుతుంది. పనికిరాని తీగ అనుకుని కోసేవాళ్లున్నారు. బోల్టు దగ్గర శుభ్రం చేసి బిగించాలి, తెగి ఉంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి.

మాది భీమవరం దగ్గర రొయ్యల చెరువు. ఏరియేటర్ మోటార్ల వైర్లకూ ఇదే చిలుము. ఏం చేయాలి?

మీ అవసరం పూల్ వాళ్ల కంటే పెద్దది. పూల్ మోటార్ ఆగితే ఈత ఆగుతుంది. ఏరియేటర్ తెల్లవారుజామున ఆగితే, నీళ్లలో ఆక్సిజన్ అతి తక్కువగా ఉండే ఆ సమయంలో కొన్ని గంటల్లోనే పంట పోతుంది. పైగా కూలీలు అదే నీళ్లలో నడుములోతు దిగుతారు.

గట్టు మీది స్టార్టర్ నుంచి ఏరియేటర్ దాకా మధ్యలో జాయింటు లేని ఒకే కేబుల్ వేయించండి. నీళ్ల మీద వేలాడే టేపు జాయింట్లు ఉంటే ముందు అవే తీయించండి. తప్పనిసరి జాయింటు ఏదైనా గట్టు మీద స్తంభానికి, వరద అందని ఎత్తులో, మూత ఉన్న బాక్స్‌లో ఉండాలి. మోటార్ బాడీకి ఎర్తు తీగ, చెరువుకొక ఆర్‌సీసీబీ పెట్టించండి. ఒకే ఆర్‌సీసీబీ మీద అన్ని చెరువులూ నడిపితే ఒక్క మోటార్ లీకేజీకి అన్నీ ఆగిపోతాయి, అప్పుడు విసుగొచ్చి దాన్ని తీసేయాలనిపిస్తుంది. పంట పట్టాక చెరువు ఎండబెట్టే రోజుల్లో ప్రతి మోటార్ బాక్సూ విప్పి చూడండి. మనిషి నీళ్లలో దిగాల్సిన ప్రతిసారీ ఆ చెరువు మెయిన్ ఆపి, ఫ్యూజు క్యారియర్ పీకి జేబులో పెట్టుకుని దిగమనండి.